ఎక్కడ సర్దుకోవాలి, ఎక్కడ అడగాలి: బెంగళూరులో ఉంటున్న మనవాళ్ల కోసం

బెంగళూరు వచ్చిన మొదటి వారంలోనే మన చెవిన పడే కన్నడ మాట ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’, అంటే ‘కాస్త సర్దుకోండి’ అని. బస్సులో ముగ్గురు కూర్చున్న సీట్లో నాలుగో మనిషి కోసం కాస్త జరిగేటప్పుడు ఆ మాట ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. అదే మాట ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనరు నోటినుంచో, జీతం ఆలస్యమైన నెల మేనేజరు నోటినుంచో వస్తే కడుపు రగిలిపోతుంది. మాట ఒకటే. ఎక్కడ జరిగి చోటివ్వాలో, ఎక్కడ కదలకుండా కూర్చోవాలో తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

2010లో ఒంగోలు నుంచి ఇక్కడికి వచ్చాను. చిన్న కంపెనీల్లో అకౌంట్స్ పని. మొదటి ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మన్నారు, ఇచ్చేశాను. ఎందుకని అడగలేదు. మానేసినప్పుడు వాటికోసం ఐదు నెలలు తిరిగాను. ఆ దెబ్బతో ఎదురు దారి పట్టాను. ఆటోవాడితో, కూరగాయల బండితో, ఆఫీసులో, ఇంట్లో, ప్రతిచోటా ‘ఎందుకు’ అనడమే. అదీ మనశ్శాంతి ఇవ్వలేదు. ఈ రెండూ చేసి చూశాక నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. కొత్తగా ఇక్కడికి వచ్చే మా చుట్టాల పిల్లలకు విడివిడిగా చెబుతుంటాను. ఇప్పుడు అంతా ఒకచోట వరసగా రాస్తున్నాను.

1. ముందు ఒక్క వాక్యం రాయండి

ఏదైనా మనసులో ముల్లులా గుచ్చుకుంటుంటే దాన్ని కాగితం మీద ఒకే వాక్యంలో పెట్టండి. ‘నన్ను మోసం చేస్తున్నారు’ అని రాస్తే అది బాధ. ‘అగ్రిమెంట్‌లో లేని 8,000 రూపాయలు క్లీనింగ్ పేరుతో కోశారు’ అని రాస్తే అది విషయం. బాధ గురించి అడిగితే ఎదుటివాళ్లు సర్దిచెబుతారు. విషయం గురించి అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

నా దగ్గర ఇందుకోసమే ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ ఉంది. రాసేటప్పుడే చాలా సంగతులు తేలిపోతాయి. ‘టీమ్ లీడ్ నన్ను పట్టించుకోవట్లేదు’ అని మొదలుపెట్టి, దాన్ని విషయంగా మార్చబోతే, సోమవారం మీటింగ్‌లో ఆయన నావైపు చూడలేదన్నంత వరకే మిగిలింది ఒకసారి. దానికి అడగాల్సిందేమీ లేదు.

రాశాక ఒక రాత్రి ఆగండి. కొన్నిచోట్ల మాత్రం ఆగకూడదు. అకౌంట్‌లోంచి డబ్బు పోయిందంటే అప్పటికప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి చెప్పాలి. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల పోయిన డబ్బు గురించి మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి తెలియజేస్తే ఖాతాదారుడి మీద భారం పడదని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది. ప్రాణం మీదకి వచ్చిన జబ్బయినా అంతే. ఇప్పుడే సంతకం పెట్టమంటున్న కాగితానికి మాత్రం ఆగాల్సిందే. దానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే, ‘ఇంటికి తీసుకెళ్లి చదివి రేపు ఇస్తాను’.

2. ఇది ఎవరి చేతిలో ఉంది?

2024 మార్చి. ఎండలు ముదరకముందే మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయింది. ఒక ఉదయం ఆరింటికి పిల్ల స్కూలుకి తయారవుతుంటే కుళాయిలో గాలి వచ్చింది. కిందకి దిగి వాచ్‌మన్ మీద విరుచుకుపడ్డాను. రాయచూరు వైపు మనిషి. తల వంచుకుని విన్నాడు. నేను మాట్లాడటం ఆపాక, ‘మేడమ్, నేనూ నిన్నటినుంచి స్నానం చేయలేదు’ అన్నాడు. పక్కనే ఆయన భార్య రెండు బిందెలు పెట్టుకుని ట్యాంకర్ కోసం ఎదురుచూస్తోంది. అప్పుడు పడ్డ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ వేళ నేను చేసిన తప్పు అడగడం కాదు. అడగకూడని మనిషిని అడిగాను. తర్వాత నెమ్మదిగా కూర్చుని ఆలోచిస్తే, ‘నీళ్లు రాలేదు’ అన్న ఒక్క మాటలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి.

మొదటిది వాన, భూగర్భజలం. ఈ నగరానికి వచ్చే కావేరి నీళ్లు సుమారు వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లి నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకి మోటార్లతో ఎక్కించి తేవాలి. ఆ నీళ్లు అప్పటికి చేరని శివారు ప్రాంతాలన్నీ బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికాయి. కావేరి నీటి పథకం ఐదో దశ అదే ఏడాది అక్టోబరులో గాని ప్రారంభం కాలేదు. మార్చి నెలలో దీని గురించి నేను ఎవరిని అడిగినా నా కుళాయిలో నీళ్లు రావు. సర్దుకోవాల్సిన భాగం ఇది. తాగేనీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి చెప్పినప్పుడు మా వీధిలో కొందరు విసుక్కున్నారు గాని, నాకు అందులో ప్రశ్నించాల్సింది కనిపించలేదు.

రెండోది ట్యాంకర్ల లెక్క. రోజుకి ఎన్ని తెప్పిస్తున్నారు, ఒక్కోదానికి ఎంత ఇస్తున్నారు, రసీదులున్నాయా? ఇది మా అసోసియేషన్ కమిటీ చేతిలో ఉన్న విషయం. మెయింటెనెన్స్ కట్టే ప్రతి ఇంటికీ అడిగే హక్కుంది. ఆ ఆదివారం మీటింగ్‌లో అడిగాను. రసీదులు నోటీసు బోర్డు మీద పెట్టడం మొదలైంది.

మూడోది వాచ్‌మన్. ఆయన చేతిలో ఉన్నది మోటార్ స్విచ్ ఒక్కటే. మర్నాడు వెళ్లి క్షమించమని అడిగాను.

కాబట్టి ఏ ఇబ్బంది వచ్చినా దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క పక్కన ‘ఇది మార్చగలిగేది ఎవరు’ అని రాయండి. పేరు దొరకని ముక్క సర్దుకోవాల్సింది. పేరు దొరికిన ముక్కకి ఆ పేరుగల మనిషినే అడగాలి. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తిన పిల్ల, కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు, డెలివరీ బాయ్, మనం నోరు చేసుకునేది ఎక్కువగా వీళ్లమీదే. మార్చే అధికారం వీళ్లకి ఉండదు.

3. తెలుసుకోవడానికి అడగండి, కాదనడానికి తర్వాత చూద్దాం

నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇక్కడుంది. మనలో చాలామందికి అడగడం అంటే ఎదిరించడం. చిన్నప్పుడు ‘ఎదురు ప్రశ్న వేస్తావా’ అన్న మాట వింటూ పెరిగాం మరి. అందుకే ఇష్టంలేకపోయినా తలూపేస్తాం, దానికి సర్దుకుపోవడం అని పేరు పెట్టుకుంటాం. విషయం తెలియకుండా ఊరుకోవడాన్ని నేను సర్దుకోవడం అనను. అది భయమో, మొహమాటమో. తెలుసుకున్నాక ‘సరే’ అంటే అప్పుడు అది మన నిర్ణయం.

మా అమ్మ సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట ఒంగోలు నుంచి మా ఇంటికొచ్చినప్పుడు కుడి డొక్కలో నొప్పితో రాత్రంతా మెలికలు తిరిగింది. స్కాన్ చేస్తే పిత్తాశయంలో రాళ్లు. ఆపరేషన్ చేయించమన్నారు. అమ్మ ససేమిరా అంది. మా పెద్దమ్మ వాట్సాప్‌లో యాపిల్ జ్యూస్ వైద్యం ఒకటి పంపింది. తమ్ముడు ‘కార్పొరేట్ ఆస్పత్రులన్నీ కోసేద్దామనే చూస్తాయి’ అన్నాడు. నాకు టెన్షన్. డాక్టరుగారి మాట కాదనలేను, అమ్మను బలవంతం చేయలేను.

మర్నాడు మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను.

‘డాక్టరుగారూ, ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది?’

ఆయన మందుల చీటీ వెనక్కి తిప్పి, చిన్న సంచీలాగా గీసి, దానికి ఒక సన్నటి గొట్టం గీశారు. ‘రాయి ఈ సంచీలో ఉన్నంతకాలం నొప్పి వచ్చిపోతుంటుంది. జారి ఈ గొట్టంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, ప్యాంక్రియాస్ వాయవచ్చు. అప్పుడు అర్ధరాత్రి పరుగెత్తుకు రావాల్సి వస్తుంది.’

‘ఇంకో దారి ఉందా?’

‘నొప్పి రాకుండా రాళ్లు మాత్రమే ఉంటే చూస్తూ ఊరుకోమనేవాణ్ణి. అమ్మగారికి నొప్పి వచ్చింది కదా.’

‘ఎంత తొందర?’

‘ఈ రాత్రే అక్కర్లేదు. షుగర్ కొంచెం అదుపులోకి తెచ్చుకుని రెండు మూడు వారాల్లో చేయించుకోండి. కావాలంటే వేరే డాక్టరుకి కూడా చూపించండి, రిపోర్టులు ఇస్తాను.’

ఆ చీటీని అమ్మ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ‘ఇంత చిన్న గొట్టమా’ అంది. ఇంటికొచ్చేలోపే ఒప్పుకుంది. మేం ఎవరినీ ఎదిరించలేదు. అడిగాం, తెలిసింది, ఒప్పుకున్నాం. పదిహేను రోజుల తర్వాత ఆపరేషన్ అయింది.

ఈ మూడు ప్రశ్నలూ ఆస్పత్రికే కాదు, ఎక్కడైనా పనికొస్తాయి. చేయకపోతే ఏమవుతుంది, ఇంకో దారి ఉందా, ఎంత తొందర? నిజం చెప్పే మనిషికి వీటికి జవాబివ్వడం కష్టం కాదు. ఒకమాట గుర్తుంచుకోండి, వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల వృత్తి నియమాల్లో 2002 నుంచీ ఉంది. రెండో డాక్టరుని అడగడం మొదటి డాక్టరుని అవమానించడమని మనవాళ్లు అనుకుంటారు. మంచి డాక్టర్లు అలా అనుకోరు.

4. రాసి ఉన్నదేమిటో చూడండి

చాలా గొడవలకి జవాబు అప్పటికే ఎక్కడో రాసి ఉంటుంది. అది చదవకుండా అడిగితే తేలిపోతాం, చదవకుండా ఒప్పుకుంటే నష్టపోతాం.

నీళ్ల సీసానే తీసుకోండి. కిరాణా కొట్లో, బస్టాండులో ఎమ్మార్పీ కంటే రెండు రూపాయలు ఎక్కువ అడిగితే ‘కూలింగ్ చార్జి’ అంటారు. అలా తీసుకోవడం కుదరదు, గట్టిగానే అడగొచ్చు. అదే సీసా హోటల్లో టేబుల్ దగ్గర కూర్చుని తెప్పించుకుంటే లెక్క వేరు. అక్కడ కూర్చోబెట్టి వడ్డించే సేవ కూడా ఉంది కాబట్టి ఎమ్మార్పీ నియమం వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ వాదించి ఆ పూట భోజనం పాడుచేసుకోకండి. బిల్లులో ‘సర్వీస్ చార్జి’ కనిపిస్తే మాత్రం తీసేయమనండి. దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. జీఎస్టీ పన్ను, అది కట్టాల్సిందే.

ఆటో మీటరు 2025 ఆగస్టు 1 నుంచి మొదటి రెండు కిలోమీటర్లకి 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకి 18. రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు ఒకటిన్నర రెట్లు. ఇది తెలిసుంటే ఎంత ఎక్కువ అడుగుతున్నారో మనసులోనే లెక్క వేసుకోవచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది తర్వాతి మాట.

ఉద్యోగం చేసే పిల్లలకి ఇంకా ముఖ్యమైనది పీఎఫ్. పేస్లిప్‌లో కోత కనిపిస్తే అక్కడితో ఊరుకోవద్దు. కంపెనీ ఆ డబ్బుని తన వాటాతో కలిపి తర్వాతి నెల 15లోగా జమ చేయాలి. మా పిన్ని కొడుకు ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. పాస్‌బుక్ తెరిచి చూడమని నేనే కూర్చోబెట్టాను. నాలుగు నెలలుగా జీతంలో కోసిన డబ్బు అందులో లేదు. వాడు మెయిల్‌లో పేస్లిప్‌నీ, పాస్‌బుక్ పేజీనీ పక్కపక్కన పెట్టి, ‘ఈ నాలుగు నెలల జమ ఎప్పటికి కనిపిస్తుందో తెలియజేయగలరు’ అని ఒక్క వాక్యం రాశాడు. కోపం లేదు, బెదిరింపు లేదు. మూడు వారాల్లో పడింది.

5. లెక్క వేసుకోండి

అడగడానికి ఖర్చవుతుంది. సమయం, మనశ్శాంతి, ఒక్కోసారి బంధుత్వం. అడగకపోయినా ఖర్చవుతుంది, అది కనపడదు, అంతే.

నేను ముందు చూసేది ఇది ఒక్కసారి జరిగేదా, నెలనెలా జరిగేదా అని. వానలో, రాత్రి తొమ్మిదింటికి సిల్క్ బోర్డు దగ్గర ఆటో డ్రైవరు మీటరు మీద ముప్పై ఎక్కువ అడిగితే ఇచ్చేస్తాను. ఆ మనిషీ ఇంటికి చేరాలి, నేనూ చేరాలి. నెలకి మూడొందలు ఎక్కువ వస్తున్న బిల్లుని మాత్రం వదలను.

రెండోది, నేను ఊరుకుంటే ఆ భారం ఎవరి మీద పడుతుందన్నది. నా మీదే పడితే నా ఇష్టం. నాకంటే చిన్న జీతగాళ్ల మీద పడేటట్లయితే అడిగి తీరాలి. ఆఫీసులో హౌస్‌కీపింగ్ అమ్మాయిలకి కాంట్రాక్టరు జీతం ఆలస్యం చేస్తున్నాడని తెలిసినప్పుడు, అది నా పని కాకపోయినా, అతని బిల్లు మీద సంతకం పెట్టేముందు జీతాలిచ్చిన రుజువు చూపించమన్నాను. అది అడగ్గలిగిన కుర్చీలో ఆ రోజు నేనున్నాను.

6. అడిగే తీరు

నాలుగేళ్లున్న మున్నెకొలాల ఇల్లు ఖాళీ చేసిన రోజు చెబుతాను. మారతహళ్లి, మున్నెకొలాల, బెళ్లందూరు వైపు పాత ఇళ్ల ఓనర్లు చాలామంది తెలుగు మాట్లాడే రెడ్లు. మన తెలుగూ కాదు, కన్నడమూ కాదు, వినడానికి హాయిగా ఉండే భాష. మా ఓనరుగారూ అంతే. పండక్కి మా ఇంటికి ఒబ్బట్లు పంపే మనిషి.

అద్దె 22,000, అడ్వాన్సు 1,50,000. ఆయన ఒక చీటీ మీద లెక్క రాసిచ్చారు. పెయింటింగుకి ఒక నెల బాడిగ 22,000, క్లీనింగ్ 8,000, రిపేర్లు 6,500. మొత్తం 36,500 కోత.

‘అంకుల్, కూర్చుని ఒకసారి చూద్దామా?’ అన్నాను.

‘ఏమ్మా, ఇన్నేండ్లు ఇంటి మనుషుల మాదిరి ఉన్నారు, ఇప్పుడు లెక్కలేమిటికమ్మా? అందరూ ఇచ్చేదే కదా.’

‘ఇంటి మనుషులం కాబట్టే అంకుల్, వెళ్లేటప్పుడు మనసులో ఏం పెట్టుకోకుండా వెళ్దామని. పెయింటింగ్ అగ్రిమెంట్‌లో ఉంది, ఒప్పుకుంటున్నా. క్లీనింగ్ ఎక్కడ రాసుందో చూపించండి.’

ఆయన అగ్రిమెంట్ తిరగేశారు. లేదు.

‘రిపేర్లలో ఏమేమున్నాయి?’

‘బాత్రూమ్ కొళాయి, వార్డ్‌రోబ్ తలుపు, సింకు.’

‘కొళాయి మా పిల్ల విరగ్గొట్టింది, అది మాదే. వార్డ్‌రోబ్, సింకు మేం చేరిన రోజే అలా ఉన్నాయి.’ ఫోన్‌లో చేరిన రోజు తీసిన వీడియో పెట్టాను. సింకు అంచు పగిలి ఉన్నది స్పష్టంగా కనిపించింది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అక్కడ నోరు కట్టుకుని కూర్చోవడం నేను చేసిన అతి కష్టమైన పని. చివరికి, ‘సరేలేమ్మా, కొళాయికి పన్నెండొందలు అనుకుందాం’ అన్నారు. 1,26,800 ఆ సాయంత్రమే అకౌంట్‌లో పడింది. వెళ్లేటప్పుడు ఆంటీ కాఫీ ఇచ్చారు.

ఇందులోంచి మీరు తీసుకోవాల్సినవి కొన్ని. నిజంగా మనదైన తప్పుని ముందే ఒప్పుకోవాలి, అప్పుడు మిగతా మాటకి బరువొస్తుంది. ‘ఎందుకు కోశారు’ అంటే గొడవ, ‘ఎక్కడ రాసుందో చూపించండి’ అంటే పని. అడిగాక ఆగాలి.

పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె న్యాయమేనా అంటే, నాకు న్యాయం అనిపించదు. కానీ దాన్ని అడగాల్సిన రోజు సంతకం పెట్టిన రోజు. నాలుగేళ్ల తర్వాత కాదు. అడ్వాన్సు విషయమూ అంతే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్లకి రెండు నెలల అద్దెకి మించి వద్దంది గాని, అది రాష్ట్రాలు తీసుకుంటేనే అమలయ్యేది. తమిళనాడులో 2017 చట్టం, వేరే ఒప్పందం లేకపోతే, మూడు నెలలకి మించొద్దంటుంది. ఇక్కడ మాత్రం ఇప్పటికీ ఐదు, ఆరు, ఒక్కోచోట పది నెలలు అడుగుతారు. తాళాలు మన చేతికి రాకముందే బేరమాడాలి.

ఇంకొక మాట. కన్నడ ఎందుకు నేర్చుకోవాలని వాదించే మనవాళ్లతో నేను ఏకీభవించను. ఇది వాళ్ల ఊరు, ఇక్కడ తింటున్నాం. లిపి మనదానికి ఎంత దగ్గరంటే ఒక వారం బస్సు బోర్డులు చదివితే వచ్చేస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. ‘ఎష్టు ఆగత్తె అణ్ణా’ (ఎంతవుతుందన్నా) అని అడిగినప్పుడు వచ్చే జవాబు, హిందీలో దబాయించినప్పుడు వచ్చే జవాబు ఒకలా ఉండవు.

7. ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటే

దీనికి ఆలోచన అక్కర్లేదు. అడగొద్దని, ఇంట్లో చెప్పొద్దని, ఫోన్ పెట్టొద్దని ఎవరన్నా అన్నారంటే అక్కడే ఆపేయాలి.

మా పై అంతస్తులో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఒక మధ్యాహ్నం వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం వేసుకున్నవాడు, ఆయన ఆధార్‌తో పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని, ‘డిజిటల్ అరెస్ట్’ చేశామని, గది తలుపు వేసుకోమని చెప్పాడు. ఆయన భార్య టీ తీసుకెళ్తే ఈయన లోపలినుంచి ‘రావద్దు’ అన్నారట. నలభై ఏళ్లలో ఆ గొంతు ఎప్పుడూ వినలేదని ఆవిడ పరుగెత్తుకుంటూ కిందకొచ్చారు. మేం తలుపు తట్టి, ఫోన్ లాక్కుని కట్ చేశాం. డబ్బు ఇంకా పంపలేదు. ఆయన చేతులు సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి.

మన చట్టాల్లో డిజిటల్ అరెస్ట్ అనేది లేదు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్ట్ చేయడు, డబ్బు బదిలీ చేయమనడు. మీ అమ్మానాన్నలకి ఈ వారమే ఫోన్ చేసి ఇది చెప్పండి. అధికారికి ఎదురు మాట్లాడకూడదని పెరిగిన తరం వాళ్లది. ఆ మర్యాదనే ఈ మోసగాళ్లు వాడుకుంటున్నారు.

8. అడిగినా జవాబు రాకపోతే

నోటితో అడగడం అయ్యాక మెయిల్. మెయిల్‌కి గడువు పెట్టండి, పదిహేను రోజులు చాలు. ఆ తర్వాత, కొన్న వస్తువో సేవో అయితే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం ఐదు లక్షలలోపు అయితే అక్కడ ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

ప్రభుత్వ ఆఫీసు అయితే సమాచార హక్కు చట్టం, 2005. ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు. కర్ణాటకలో దరఖాస్తు 150 పదాల్లోపు, ఒకే విషయం మీద ఉండాలి. చాలామంది తప్పు చేసేది ప్రశ్న రాసే దగ్గరే. మా వీధిలో పైపు కోసం తవ్విన రోడ్డు ఏడు నెలలు అలాగే ఉంటే, ‘రోడ్డు ఎందుకు వేయలేదు’ అని మొదట రాశాను. ఆ చట్టం కింద ఉన్న రికార్డులు ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు. రెండోసారి, ‘ఈ వీధి పనికి సంబంధించిన వర్క్ ఆర్డర్, పూర్తిచేయాల్సిన తేదీ ఉన్న కాగితం, ఇంతవరకు చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి’ అని రాశాను. కాగితాలు వచ్చాయి. వాటిలోని గడువు తేదీ చూపించి ఫిర్యాదు చేస్తే, కంకర లారీ వచ్చింది.

9. సర్దుకున్నాక

ఒప్పుకోవాలని నిర్ణయించుకుంటే దాని పక్కన తేదీ వేసి, మళ్లీ ఎప్పుడు చూడాలో కూడా రాయండి. ఆఫీసు దూరం నేను అలాగే ఒప్పుకున్నాను. రోజుకి రెండు గంటలు అవుటర్ రింగ్ రోడ్డుకి పోతాయి. ‘పిల్ల పదో తరగతి అయ్యేదాకా’ అని రాసుకున్నాను. అప్పటినుంచి ఇంట్లో ట్రాఫిక్ గురించి మాట్లాడటం మానేశాను. ఒకపక్క ఒప్పుకుని, ఇంకోపక్క రోజూ సణగడం వల్ల నాకూ నష్టం, వినేవాళ్లకీ నష్టం.

10. ఇంట్లో

ఇది చివర్న పెట్టింది చిన్నదని కాదు, నాకు ఇప్పటికీ పూర్తిగా రానిది కాబట్టి.

మా అత్తయ్యగారు మంగళవారం గోళ్లు తీయనివ్వరు, దీపం పెట్టాక ఇల్లు ఊడవనివ్వరు. వీటి గురించి నేనెప్పుడూ అడగలేదు. ఎవరికీ నష్టం లేదు, ఆవిడకి తృప్తి. ఇలాంటివి ఒప్పుకుంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది.

పోయిన సంవత్సరం మా అమ్మాయి, పదమూడేళ్లది, రాత్రి భోజనాలప్పుడు అడిగింది. ‘అమ్మా, నువ్వెప్పుడూ చివర్నే ఎందుకు తింటావు?’

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ అలాగే తినేది. నేనూ అందరికీ వడ్డించి, వేడి చల్లారాక తినేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. ఇంతమందిని ఇన్ని అడిగిన నేను, దీన్ని ఒప్పుకున్నానన్న సంగతే నాకు తెలియదు. నోట్‌బుక్‌లో ఆ రాత్రి పిల్ల ప్రశ్నని అలాగే రాశాను. మార్చగలిగేది ఎవరు అన్నచోట నా పేరే రాయాల్సి వచ్చింది.

మర్నాడు అత్తయ్యగారితో చెప్పాను, ‘అన్నీ బల్ల మీద పెట్టేస్తాను అత్తయ్యా, అందరం కలిసి కూర్చుందాం’ అని. ‘మగవాళ్లకి ఎవరు వడ్డిస్తారు’ అన్నారు. ‘గరిటె అక్కడే ఉంటుంది’ అన్నాను. ఆవిడ ఆ రోజు కూర్చోలేదు. వారం రోజులు కూర్చోలేదు. తర్వాత ఒక ఆదివారం నేను పొయ్యి దగ్గరే ఉండిపోతే, ఆవిడే పిలిచారు, ‘అప్పడాలు తర్వాత వేయొచ్చు, పప్పు చల్లారిపోతోంది, రా’ అని.

పండగ రోజుల్లో మాత్రం ఆవిడ ఇప్పటికీ అందరి తర్వాతే తింటారు. ఆ రోజు నేనూ ఆవిడతోపాటే ఆగుతాను. నోట్‌బుక్‌లో దానికెదురుగా ‘అడగను’ అని రాసుకున్నాను, తేదీ వేయకుండా.